పెళ్ళికూతురి గదిలో అభిప్రాయ సేకరణ

మా మండలంలో పార్టీ అధ్యక్ష పదవికి మా బావగారు పోటీపడినప్పుడు ముప్పైముగ్గురి మనసులో మాట నా చేత్తోనే కాగితం మీద పెట్టాను. అందులో చివరి పేరు నాది. ఆ కాగితం తర్వాత ఎవరెవరి చేతులు మారిందో నాకు ఈ రోజుకీ పూర్తిగా తెలియదు.

తిరువూరులో దస్తావేజులు రాయడం నా వృత్తి. ఇప్పుడంతా కంప్యూటరే అయినా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను రైటరు గారనే పిలుస్తారు. ఓటు మాత్రం మా ఊళ్ళోనే ఉంది. ఆటో ఎక్కితే పావుగంట. ఆ ఊరి బూత్ కన్వీనర్ పని ఎవరూ ఒప్పుకోకపోతే, మా నాన్న నాటి నుంచీ ఆ జెండానే కదా అని నా మెడకు తగిలించారు. ఏడాదికి నాలుగు మీటింగులకు వెళ్ళి వెనక వరసలో కూర్చుని రావడం తప్ప నేను చేసిందేమీ లేదు.

బావగారంటే మా అక్క భర్త. మామిడితోట, పత్తిచేను ఉన్న రైతు. ముప్పై ఏళ్ళుగా పార్టీ తప్ప మరో లోకం లేని మనిషి. ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్ళేది ఆయనే. పార్టీ ఓడిపోయిన ఏడాది మిగతావాళ్ళంతా ఇళ్ళమీద జెండాలు తీసేస్తే, ఆయన ఒక్కడే ఉంచాడు. కానీ ఎమ్మెల్యే అయినా, నియోజకవర్గం ఇన్‌ఛార్జి అయినా, పెద్దవాడు ఎదురుగా ఉంటే మా బావగారికి సొంత గొంతు ఉండేది కాదు. వాళ్ళు నవ్వితే నవ్వేవారు.

ఆయనకు పోటీ వచ్చింది ఒకావిడ. ఒకప్పుడు ఎంపీటీసీగా చేశారు. భర్త పోయాక ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ పార్టీ పనులు చూసేవారు. ఆవిడ మీద నాకు గౌరవం కలగడానికి కారణం ఒకటుంది. మిరపకాయలు కోసీ కోసీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయిన ముసలమ్మ ఒకావిడకు మెషీన్లో వేలిముద్ర పడక పింఛను ఆగిపోయింది. వేలిముద్రలు పడకపోవడం ఎంత తిప్పలో నా పనిలో నాకు బాగా తెలుసు. ఈవిడ ఆ ముసలమ్మను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని మూడుసార్లు తిరువూరు తీసుకొచ్చింది. మూడోసారి ముద్ర పడింది. ఆ సంగతి ఆవిడ ఏ మీటింగులోనూ చెప్పుకోలేదు. ముసలమ్మే నా బల్ల దగ్గర కూర్చుని మంచినీళ్ళు తాగుతూ చెప్పింది.

అధ్యక్షుణ్ణి పైనుంచి నియమించరనీ, ఈసారి కార్యకర్తల అభిప్రాయం తీసుకుంటారనీ చెప్పారు. గ్రామ అధ్యక్షులు, బూత్ కన్వీనర్లు కలిపి మొత్తం ముప్పైముగ్గురు. వేరే జిల్లా నుంచి పరిశీలకుడు వస్తాడు. ఒక్కొక్కరిని లోపలికి పిలిచి అడుగుతాడు. ఎవరికి ఎక్కువమంది మద్దతు ఉంటే వాళ్ళే అధ్యక్షులు.

ఆ వారం మా అక్క ఇంటికి వెళితే బావగారు నోటుపుస్తకం ముందేసుకుని పేర్ల పక్కన టిక్కులు పెడుతున్నారు.

"ఇరవై రెండు ఖాయమోయ్. నిన్నూ వేసుకున్నాను," అన్నారు.

"నన్ను కూడా అడగాలా బావా?" అన్నాను.

ఆయన నవ్వి టిక్కు మళ్ళీ దిద్దారు. నేను అవునని అనలేదు. ఆయన మాత్రం అవుననే అనుకున్నారు.

ఆ మర్నాడే ఆవిడ నా బల్ల దగ్గరకు వచ్చారు. "అన్నయ్యా, మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. బావగారు ఉన్నారు గదా. నాకు ఇరవై ఒక్కమంది మాట ఇచ్చారు. మీరు లేకపోయినా పర్లేదు. ఊరికే చెప్పిపోదామని వచ్చాను," అన్నారు.

"చూద్దామమ్మా," అన్నాను.

ఆవిడ వెళ్ళాక కూడి చూసుకున్నాను. ఇరవై రెండు, ఇరవై ఒకటి. ఉన్నది ముప్పైముగ్గురు. అంటే తక్కువలో తక్కువ పదిమంది ఇద్దరికీ మాట ఇచ్చారు. ఆ రోజు నుంచి మీటింగులో ఎవరు నవ్వుతూ పలకరించినా, ఈయన ఆ పదిమందిలో ఒకడేమో అనిపించేది. నేనూ వాళ్ళలాంటివాణ్ణే అన్న సంగతి మాత్రం అంత తొందరగా ఒప్పుకోలేదు.

అభిప్రాయ సేకరణ బైపాసు రోడ్డులోని కల్యాణమండపంలో పెట్టారు. హాల్లో కుర్చీలు వేసి, లోపల పెళ్ళికూతురిని ముస్తాబు చేసే గదిని పరిశీలకుడికి ఇచ్చారు. గోడంతా అద్దం. అద్దం అంచులకు ఎవరో అతికించి వదిలేసిన బొట్టుబిళ్ళలు. పరిశీలకుడు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నాకు మంచివాడిలాగే కనిపించాడు. పేర్లు రాయడానికి ఒక మనిషి కావాలన్నాడు.

ఇన్‌ఛార్జి గారి పీఏ వెంటనే నావైపు చూశాడు. "మన రైటరు గారున్నారు గదండీ. చేతిరాత ముత్యాల్లా ఉంటది."

హాల్లో చిన్న కదలిక. "ఆయన బావగారే పోటీలో ఉన్నారు గదా," అని ఎవరో అన్నారు. అప్పుడు ఆవిడ లేచి నిలబడ్డారు.

"రైటరు గారైతే నాకు అభ్యంతరం లేదండీ. ఆయన రాసిన కాయితాలు మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఇంతవరకూ ఒక్క అక్షరం తేడా రాలేదు," అన్నారు.

నాకు గర్వంగా అనిపించింది. అంతమందిలో పీఏ నన్నే ఎందుకు ఏరాడన్న ఆలోచన అప్పుడు రాలేదు.

తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీసుకున్నాను. వరస సంఖ్య, వచ్చినవారి పేరు, వారు చెప్పిన పేరు. ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. హాల్లో మీసం దువ్వుతూ మా బావగారి పక్కన కూర్చున్నవాడు లోపలికొచ్చి గొంతు తగ్గించి ఆవిడ పేరు చెప్పాడు. ఆవిడను చెల్లెమ్మా అని పిలిచే ఆయన అద్దంవైపు చూస్తూ మా బావగారి పేరు చెప్పాడు. చెప్పినవాళ్ళంతా బయటికి వెళుతూ ఒకసారి నా ముఖంలోకి చూసేవాళ్ళు. చూపులోనే ఒక బతిమాలడం, ఒక బెదిరింపు రెండూ ఉండేవి. బావగారి పొలానికి ఆనుకుని పొలం ఉన్న రైతు, పండగకీ పబ్బానికీ మా అక్క చేతి భోజనం తినేవాడు, ఆవిడ పేరు చెప్పి, "మీ బావగారికి చెప్పమాకండి. ఆయన మంచోడే. కానీ గట్టిగా ఓ మాట అడగలేడు," అన్నాడు.

లెక్క పెట్టకూడదనుకున్నాను. కానీ రాసేవాడి కన్ను ఊరుకోదు. ముప్పైరెండో మనిషి వెళ్ళేసరికి పదహారు, పదహారు.

పరిశీలకుడు కాగితం తనవైపు తిప్పుకుని చూశాడు. తర్వాత నావైపు చూశాడు.

"మీరు కూడా కన్వీనరే కదా. చెప్పండి."

అద్దంలో నా ముఖం నాకే కనిపిస్తోంది. మా అక్క గుర్తొచ్చింది. బావగారి నోటుపుస్తకంలో రెండుసార్లు దిద్దిన టిక్కు గుర్తొచ్చింది. బయట కూర్చున్న మనిషి ఇంకో పదేళ్ళయినా ఇన్‌ఛార్జి నవ్వితే నవ్వే మనిషేనన్నదీ నాకు తెలుసు. ముప్పైమూడు అని అంకె వేసి, నా పేరు రాసి, దాని ఎదురుగా ఆవిడ పేరు రాశాను. నోటితో చెప్పలేకపోయాను.

 పరిశీలకుడు కాగితం మడిచి కవర్లో పెట్టి అంటించాడు. అంటించిన చోట నాచేత సంతకం చేయించాడు. నేను సగం సంతకం మూత మీద, సగం కవరు మీద పడేలా చేశాను. విప్పితే తెలియాలి. అది నా వృత్తి అలవాటు.

"లెక్క మన ఇద్దరి మధ్యే ఉండాలి," అన్నాడు.

బయటికి రాగానే పీఏ ఆయన కోసం కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. భోజనం ఇన్‌ఛార్జి గారి ఇంట్లోనట. తినకుండా వెళ్ళకూడదట. కవరు పరిశీలకుడి చంకలో ఉంది. కారు వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత పార్టీ వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది. అధ్యక్షుడు మా బావగారు.

నేను ఫోన్ రెండుసార్లు చూసుకున్నాను. ముందు నా లెక్కనే అనుమానించాను. ఎక్కడైనా పొరపాటు పడ్డానేమో, ఏదో పేరు తారుమారైందేమో అని ముప్పైముగ్గురినీ వరసగా గుర్తు తెచ్చుకున్నాను. పదిహేడు, పదహారు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే. నా మీద నాకు అనుమానం తీరిపోయాక, మిగిలిన అందరి మీదా మొదలైంది.

బావగారి ఇంటిముందు టపాకాయలు కాల్చారు. అక్క నా నోట్లో లడ్డూ పెట్టింది. బావగారు నన్ను గట్టిగా కావలించుకుని, "నీ చేతి చలవేనోయ్," అన్నారు. ఆ మాట పదిమందీ విన్నారు. అందులో కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

మూడో రోజు ఆవిడ నా బల్ల దగ్గరకు వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అన్నయ్యా, నా వాళ్ళను నేను దేవుడి పటం ముందు ప్రమాణం చేయించి అడిగాను. పదహారుమంది చేశారు. నేను ఓడిపోతే ఓడిపోయినట్టే. కానీ ఎంతకి ఓడిపోయానో చెప్పండి."

 చెప్పాలంటే, ఆ పదిహేడో మనిషి నేనేనని చెప్పాలి. అది సాయంత్రానికల్లా మా అక్కకు చేరుతుంది. చెప్పకపోతే నేనే కాగితం మార్చానని ఆవిడ అనుకుంటుంది. రెండింటి మధ్యా నిలబడి నేను ఎంచుకున్నది మూడోది, పిరికితనం.

"లెక్క బయట పెట్టకూడదన్నారమ్మా," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "మీరు రాస్తే తేడా రాదని అందరి ముందూ నేనే అన్నాను," అని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత తిరువూరులో నన్ను చూసే చూపు మారింది. బస్టాండు పక్క టీ కొట్టులో నేను వెళ్ళగానే మాట ఆగిపోయేది. ఎ.కొండూరు నుంచి ఏళ్ళ తరబడి నా దగ్గరకే వచ్చే ఒక రైతు, దస్తావేజు చదివి వినిపించాక, "ఇంకోసారి చదవండి," అన్నాడు. అంతకుముందు ఎన్నడూ అడగలేదు. అతను మామూలుగానే అడిగాడేమో. నాకు మాత్రం అలా అనిపించలేదు. పీఏ ఆ రోజు నన్ను ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడర్థమైంది. ఫలితం ఏదైనా, వేలు చూపించడానికి ఒక మనిషి కావాలి. పోటీదారు బావమరిదికంటే తగినవాడు ఎవరుంటారు?

రెండు నెలలపాటు బావగారిని కూడా అనుమానించాను. ఆయనకు తెలిసే జరిగిందా? తెలియక మురిసిపోతున్నారా? ఆయన మాత్రం ముందుకంటే ఎక్కువ ఆప్యాయంగా ఉండేవారు. మామిడికాయలు పంపించేవారు. మీటింగులో వెనక కూర్చుంటే ముందు వరసకు పిలిపించేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. అక్క పప్పు వడ్డిస్తూ, తలెత్తకుండా అంది.

"ఏరా, ఇంట్లో మనిషి కనపడలేదా నీకు? పోయి పోయి ఆవిడ పేరా రాసేది?"

ముద్ద కంచంలో పెట్టేశాను. బావగారు మజ్జిగ పోసుకుంటూ, "నువ్వు ఊరుకో. తిననీ వాణ్ణి," అన్నారు.

"మీకెవరు చెప్పారు బావా?" అని అడిగాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టారు. అందులో ఒక ఫొటో. నా చేతిరాత. మూడు గళ్ళు, ముప్పైమూడు పేర్లు. కాగితం ఒక భోజనాల బల్ల మీద పరిచి ఉంది. ఒక పక్క స్టీలు కంచం అంచు, దాని మీద కొరికి పెట్టిన ఆవకాయ ముక్క కనిపిస్తున్నాయి. నేను అడ్డంగా సంతకం చేసిన కవరు ఆ భోజనం అయ్యేలోపే తెరుచుకుందన్నమాట.

"ఎప్పుడొచ్చింది ఇది మీకు?"

"ప్రకటన వచ్చిన రోజు పొద్దున. ఇన్‌ఛార్జి గారే పంపారు."

అంటే టపాకాయలు కాల్చకముందే. లడ్డూ నా నోట్లో పెట్టకముందే. నన్ను కావలించుకుని నీ చేతి చలవే అన్నప్పుడు ఆయన జేబులో ఈ ఫొటో ఉంది. ఆ మాట ఆయన ఏ అర్థంలో అన్నారో అడగాలనిపించింది. అడగలేదు.

"మీరు ఓడిపోయారని తెలిసి కూడా ఎలా ఒప్పుకున్నారు?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. గోడకు ఆనుకుని నిదానంగా చెప్పారు. "నాకు తెలియాలనే పంపాడోయ్ ఆయన. గెలిచినోడు ఎవరి మాటా వినడు. ఓడిపోయినోణ్ణి కుర్చీ ఎక్కిస్తే బతికినంతకాలం వింటాడు. అది ఆయన లెక్క. నాకది అర్థం కాలేదనుకున్నావా? ముప్పై ఏళ్ళు తిరిగాను. ఈ ఒక్కటీ లేకుండా పోతానేమోనని భయమేసింది. ఒప్పుకున్నాను."

"మరి నా మీద ఎందుకు కోప్పడలేదు?"

"ఎవరి మీదని కోప్పడను? పదిహేడుమంది ఉన్నారు. అందరితోనూ పనుంది. పక్క చేనాయనతో రోజూ గట్టు మీద మాట్లాడుతున్నాను. ఆయనకు తెలియదు, నాకు తెలుసని."

అది చెప్పినప్పుడు ఆయన కళ్ళలో నేను అంతకుముందు ఎన్నడూ చూడనిది ఒకటి కనిపించింది. జీవితమంతా మనుషుల్ని నమ్మి తిరిగిన మనిషి ఇప్పుడు ప్రతి పలకరింపునూ ఆ జాబితాతో సరిచూసుకుంటున్నాడు. నాకు ఆయన మీద అసహ్యం వేయలేదు. జాలి వేసింది. ఆ వెంటనే, ఈ జాలి కూడా ఆయన కోరుకుని తెప్పించిందేమోనన్న అనుమానం వచ్చింది.

మర్నాడు పని మానుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ మిషను మీద ఉన్నారు. నన్ను చూసి కాలు ఆపారు గానీ లేవలేదు.

"పదిహేడు మీకు, పదహారు బావగారికి. పదిహేడోవాణ్ణి నేనే," అన్నాను.

 ఆవిడ దారం తెంపి, అడిగారు. "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చుగా."

"ధైర్యం చాలలేదమ్మా."

"ఇప్పుడెలా వచ్చింది?"

ఫొటో సంగతి చెప్పాను. ఇక నేను దాచగలిగింది ఏమీ మిగల్లేదు. ధైర్యం వచ్చి కాదు, దాపరికం పోయి చెబుతున్నానని ఆవిడకు అర్థమైంది. నాకు సిగ్గేసింది.

"నోటిమాట నేనేం చేసుకోను అన్నయ్యా? మీరే గదా అందరికీ చెబుతారు, రాతలో లేనిది లేనట్టేనని. రాసివ్వండి."

ఆవిడ లోపలినుంచి తెల్లకాగితం తెచ్చారు. బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టి రాశాను. ఫలానా రోజు ఫలానా గదిలో నేను రాసిన జాబితా ప్రకారం ఇద్దరికీ వచ్చిన మద్దతు ఇంత, నాకు తెలిసినంతవరకు ఇది నిజం. ఎవరు ఎవరి పేరు చెప్పారో మాత్రం రాయలేదు. ఆవిడా అడగలేదు. కింద సంతకం చేశాను. ఆవిడ రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టారు.

"దీంతో ఏం చేస్తారు?" అన్నాను.

"పైవాళ్ళ దగ్గరికి వెళ్తాను. కార్యకర్తల మాటకు విలువ ఉందో లేదో తేల్చమంటాను."

ఇంటికి వచ్చి ఎదురుచూశాను. ఎవరైనా పిలుస్తారు, విచారణ అంటారు, నేను చెప్పాల్సింది చెబుతాను అనుకున్నాను. మా ఆవిడతో కూడా చెప్పి ఉంచాను, అక్క వాళ్ళతో రాకపోకలు ఆగిపోవచ్చని. వారం గడిచింది. నెల గడిచింది. ఎవరూ పిలవలేదు. బావగారు అధ్యక్షుడిగానే ఉన్నారు. ఆవిడ తిరువూరుకు వచ్చినా నా బల్లవైపు రావడం మానేశారు. పైవాళ్ళు ఆవిడను వెనక్కి పంపేశారనుకున్నాను. మొహం చెల్లక రావడం లేదనుకున్నాను.

తర్వాత గ్రూపులో ఇంకో ప్రకటన వచ్చింది. పార్టీ మహిళా విభాగంలో ఆవిడకు జిల్లా స్థాయి పదవి. మా మండలం నుంచి ఆ పదవి అంతకుముందు ఎవరికీ రాలేదు.

సన్మానం అదే కల్యాణమండపంలో పెట్టారు. వేదిక మీద మధ్యలో ఇన్‌ఛార్జి, ఒక పక్క మా బావగారు, మరో పక్క ఆవిడ. బావగారే ఆవిడకు శాలువా కప్పారు. ఇన్‌ఛార్జి మైకు తీసుకుని, మన మండలంలో వర్గాలు లేవు, మనదంతా ఒకటే కుటుంబం అన్నాడు. పదిహేడుమందీ, పదహారుమందీ కలిసి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

భోజనాల దగ్గర ఆవిడ ఒంటరిగా దొరికారు. దగ్గరికి వెళ్ళాను.

"ఆ కాయితం ఏమైందమ్మా?"

"జాగ్రత్తగా ఉంది అన్నయ్యా."

"పైకి తీసుకెళ్ళారా?"

ఆవిడ శాలువా సర్దుకున్నారు. "నేను కూడా ఈ పార్టీలోనే బతకాలి గదండీ," అన్నారు. అంతవరకూ అన్నయ్యా అన్న మనిషి ఇప్పుడు అండీ అనడం గమనించాను.

ఆ కాగితం ఆవిడ న్యాయం కోసం చూపించి, బదులుగా వాళ్ళు ఇచ్చింది తీసుకుందో, లేక ఇది అడగడానికే నాచేత రాయించుకుందో నాకు తెలియదు. అదేమీ చూపించకుండానే, ఆవిడ కష్టానికే పదవి వచ్చిందేమో కూడా. ఆవిడ అర్హురాలన్న సంగతిలో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. ఇంకొంచెం అడుగుదామనుకునేలోగా ఎవరో ఫొటోకి పిలిచారు. ఆవిడ వెళ్ళిపోయారు.

తిరిగి చూస్తే, హాలు అవతల మా బావగారు కంచం చేత్తో పట్టుకుని నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నారు. నా చూపు కలవగానే నవ్వి, తన పక్కన కుర్చీ ఖాళీగా ఉంది రమ్మని చెయ్యి ఊపారు. వెళ్ళి కూర్చున్నాను.